చిమ్మట అంటే ఏ పురుగు?

మ్యూజియం సామాన్ల గదిలో, జల్లెడలా తూట్లు పడిన ఉన్ని శాలువాను బల్ల మీద పరిచి, అధికారి, ఆ గది బాధ్యత చూసే ఆవిడ ఎదురెదురుగా నిలబడ్డారు.

"మూడొందల ఏళ్ల శాలువా! ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను సార్. గదిలో చిమ్మటలు ఉన్నాయని నెల కిందటే రిజిస్టర్లో రాశాను. కింద మీ సంతకం కూడా ఉంది."

"చిమ్మటంటే కీచుమని అరిచే పురుగు కదా! అరిస్తే అరిచిందిలే అనుకున్నాను."

"మా ఇంట్లో బట్టలు కొట్టేసే రెక్కల పురుగుని చిమ్మట అంటాం సార్. మా అమ్మా అదే మాట అనేది."

"ఇదంతా పైవాళ్లు వింటారా? ఆ ముక్క కొట్టేసి, ఏమీ కనబడలేదని రాసెయ్యి. నీ ఉద్యోగానికి ఢోకా లేకుండా నేను చూసుకుంటాను."

"కొట్టెయ్యను సార్."

"ఉద్యోగం పోతుంది. ఆలోచించుకో."

"ఇరవై ఏళ్లుగా దీన్ని పసిపిల్లలా చూసుకున్నాను. నిన్నటి నుంచి ముద్ద దిగట్లేదు. ఉద్యోగం పోతే పోనివ్వండి. నేను రాసిన దాని కింద మీరూ ఒక మాట రాయండి."

ఆయన శాలువా తూట్లను వేలితో తడిమి, రిజిస్టర్ తెరిచి, పెన్ను తీశాడు.

"ఏమని రాయమంటావు?"

"ఏ పురుగని నన్ను ఒక్కసారైనా అడగలేదని."

ఆయన అలాగే రాసి, సంతకం పెట్టాడు.