బర్ట్ కాల్డర్ ఫోన్ చేసిన రోజు

ఇటలీలో లివోర్నో రేవులో ఎర్సీలియా కాఫీ కొట్టుంది. దాని వెనక సున్నం గోడ మీద ఏటా వేసవికి ఊరందరికీ ఓ సినిమా వేస్తారు. గోడా ఆవిడదే, కుర్చీలూ ఆవిడవే. అందుకని ఏ సినిమా వెయ్యాలో తేల్చే పెద్దమనిషిని కూడా ఆవిడే ఎంచుతుంది. ఆ పెద్దరికం కోసం ఒరెస్తెకి ప్రాణం కొట్టుకుపోతోంది. ఒకప్పుడు ఓడల్లో వంటవాడు, ఇప్పుడు కోతలరాయుడు. ఇవాళ సాయంత్రం ఆవిడ ఆ పెద్దమనిషెవరో చెప్పేస్తుందని విని, అందరికన్నా ముందే వచ్చి బల్ల దగ్గర బైఠాయించాడు.

"అమెరికావోడి రుచేంటో, మనోళ్ళ రుచేంటో నాకు తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదక్కా. మా ఓడ బాల్టిమోర్‌లో ఆగినప్పుడు అక్కడో హాల్లో మన ఇటలీ సినిమా ఆడుతోంది. చివర్లో హీరో సముద్రంకేసి చూస్తా నిలబడతాడు, అంతే, అయిపోయింది. మనోళ్ళైతే ఆ చూపు మీద వారం రోజులు పోట్లాడుకుంటారా? వాళ్ళు సీట్లోంచి లేస్తే ఒట్టు! పిల్ల దొరికిందా, విలన్ చచ్చాడా అని మొక్కజొన్న పేలాలు తీసి తెర మీదకి ఒకటే విసురుడు. సరేలే పాపమని నేనే లేచి, తెర ముందు నిలబడి మిగతా కథ చెప్పేశా."

"ఏ భాషలో మావా?" అన్నాడు చేపలమ్మే తుల్లియో.

"చేతుల్తో రా! మనకి నోరెందుకు? పెళ్ళి చేశా, విలన్ని రైలు కింద తోశా. హాలు హాలంతా ఆనందంతో భోరుమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు టికెట్ల వరస రేవు దాకా వచ్చి, ఓడలు కదల్లేక ఆగిపోయాయి!"

"ఓడలు కూడా టికెట్లు కొన్నాయా?"

"నవ్వుకో, నవ్వుకో. ఇటు పారిస్ వాళ్ళ బాధ ఇంకో రకం. అమెరికా సినిమాలన్నీ సుఖంగా అయిపోతున్నాయని వాళ్ళకి అజీర్తి. నన్నే పిలిపించారు. పెళ్ళి సీను అవగానే తెర ముందు ఒక్క నిట్టూర్పు విడిచా. ముందు వరసలు ముందు వరసలే మూర్ఛపోయాయి, పక్క దేశంలో వాన పడింది! ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, బర్ట్ కాల్డరే ఫోన్ చేశాడు."

"ఏ కాల్డర్? ఆ హాలీవుడ్ హీరోయేనా?"

"మరింకెవడు? ముందు నేనూ నమ్మలేదు. కానీ ఆ గొంతు! గులకరాళ్ళు దొర్లినట్టు, చిన్నప్పట్నుంచీ మన హాల్లో వింటున్న గొంతు, అచ్చం అదే! 'ఒరెస్తె, వచ్చే సినిమాలో నన్ను చావమంటావా, బతకమంటావా?' అనడిగాడు."

ఎర్సీలియా కప్పు తుడవడం ఆపింది.

"అచ్చం అదే గొంతా?"

"కాకపోతే చెవి కోసుకుంటా అక్కా!"

"కోసుకో మరి. మన హాల్లో వినిపించేది మా మరిది ఎత్తోరె గొంతు. రోమ్‌లో కూర్చుని ఏళ్ళ తరబడి కాల్డర్‌కి వాడే డబ్బింగ్ చెబుతున్నాడు. ఆ అమెరికావాడి సొంత గొంతు నువ్వూ వినలేదు, నేనూ వినలేదు."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. ఒరెస్తె చెవులు ఎర్రగా కందిపోయాయి. నవ్వులు కాస్త సద్దుమణిగాక, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి సినిమా సంగతి?"

"తుల్లియో చూసుకుంటాడు."

"వాడికేం తెలుసక్కా సినిమాల గురించి?"

"ఏమీ తెలీదు. ఇంటింటికీ తిరిగి అడుగుతాడు."

ఒరెస్తె మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత కుర్చీ ఈడ్చుకుంటూ తుల్లియో పక్కకి జరిగాడు.

"ముందు మా ఇంటికి రారా," అన్నాడు.