పద్నాలుగో రోజున రాసిన జవాబు

అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజరు గారికి, నాకు ఈ పని నేర్పిన పెద్ద మేస్త్రీ గారికి, మగ్గాలాపి వచ్చిన మిత్రులకు, మడత విభాగం అక్కచెల్లెళ్లకు నమస్కారం. ముప్పయ్యొక్క ఏళ్లలో నేనిక్కడ ఇంతసేపు నోరు విప్పింది లేదు. కొందరు అప్పుడే కంగారు పడుతున్నారు. (నవ్వులు)

మేనేజరు గారు ఇందాక నన్ను నిదానస్తుడన్నారు. పోయినేడు మెమోలో ఆ గుణానికే మందకొడితనం అని పేరు పెట్టారు. మనిషిని సాగనంపే రోజున మాటలకు కూడా ఇస్త్రీ చేస్తారు కాబోలు.

దీపాల బల్ల మీద గుడ్డ పారుతుంటే, లోపం కనబడగానే కాలితో మీట నొక్కి ఆపడం నా పని. ఆపేలోపు గుడ్డ ఎంత ముందుకు పోయిందో రోజూ కొలిచి పుస్తకంలో రాసుకునేవాణ్ని. చాలా ఏళ్లు నాలుగంగుళాలు. పోయిన వేసవిలో తొమ్మిది. వానాకాలానికి ఇరవై రెండు. లోపం కళ్లకు కనబడేది. ఆపాలన్న సంగతి మాత్రం దూరపు చుట్టం కబురులా వచ్చేది. "ఏం బాబాయ్, గుడ్డ ఊరు దాటేసింది, నీ కాలింకా బయల్దేరలేదా?" అని, అదిగో, ఆ మూల తల దించుకున్న పెద్దమనిషే అన్నాడు. అందరూ వయసన్నారు. నేనూ ఒప్పేసుకున్నాను, ఒప్పుకోవడానికి కాలు కదపక్కర్లేదుగా.

మా అమ్మాయి ఆ పుస్తకం చూసింది. "నాన్నా, వయసు నాలుగు నెలల్లో ఊడిపడదు. భోజనం కూడా రెండుసార్లు పిలిస్తే గానీ చెయ్యట్లేదు నువ్వు," అని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ కళ్లూ మోకాళ్లూ అన్నీ చూసి కుంగుబాటు అంది. పెద్ద వయసులో అది ఏడుపై రాకుండా, ఆలోచనకూ కాలికీ ఒకేసారి బరువు కట్టినట్టు రావచ్చట. "నాకు బాధేం లేదమ్మా," అన్నాను. "ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో చూశారా?" అంది డాక్టరమ్మ.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసు కాగితం వచ్చింది. ముందుగా పని విరమించడానికి అభ్యంతరముంటే పది రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే సమ్మతించినట్టే. 'వద్దు' అనే రెండక్షరాలు రాయడానికి నాకు పద్నాలుగు రోజులు పట్టింది.

మందులు, నడక, డాక్టరమ్మతో కబుర్లు కలిసి పని చేశాయి. నిన్నటి కొలత ఆరంగుళాలు. స్కేలు పట్టుకున్నది పెద్ద మేస్త్రీ గారే.

మేనేజరు గారూ, మీరిచ్చిన పడక కుర్చీ చాలా బావుంది, కృతజ్ఞతలు, వాచ్‌మన్‌కు పనికొస్తుంది. ఇదిగో డాక్టరు రాసిన కాగితం, ఇదిగో నా పుస్తకం. నాకు వెళ్లాలని లేదు. పది రోజులు ఆలోచించుకోండి. మీరేమీ అనకపోతే, మన ఆఫీసు పద్ధతి ప్రకారం సమ్మతించినట్టే. పదకొండో రోజు పొద్దున నేను బల్ల దగ్గర ఉంటాను.

ఓపికగా విన్న అందరికీ వందనాలు. అందాకా సెలవు.