వెడల్పాటి గడి

మంగళవారం పొద్దున పదకొండుంబావుకి. సరిగ్గా అప్పుడే జరిగిందే చెల్లీ. తలుపు తియ్యకపోతే పోనీ, గడప మీద కూర్చునే చెబుతాను. తోడికోడలి మాట వింటే చెవులేం అరిగిపోవులే!

నా కోడలు మీ ఆయన కొంప ముంచిందంటావు. అంటావు మరి! దాని పనేమిటి? ఆఫీసువాళ్ళ లినక్స్ ఫోను ఎందుకు నత్తనడక నడుస్తోందో కొలవడం. కొలిచి బొమ్మ గీస్తుంది. ఏ పని ఏ పనిని పిలిచింది, దేనికి ఎంతసేపు పట్టింది... అచ్చం నేను రాసి దాచిన మన వంశవృక్షమే అనుకో. ఎక్కువసేపు పట్టినదానికి వెడల్పాటి గడి.

ఆ రోజు ఒక్క గడే సగం బొమ్మ మింగేసింది. ఫొటోలు వెతికి చూపించే పని. ఆ ప్రోగ్రాం రాసిందెవరు? అదే ఆఫీసులో ఉన్న మీ ఆయన!

"చిన్నమామయ్యదని దాచలేను కదా అత్తయ్యా" అంటూనే పైవాళ్ళకి పంపింది. ఆయన్ని ఆ పనిలోంచి తప్పించారు. గురువారానికల్లా రెండిళ్ళకీ మాటల్లేవు.

ఏడుస్తున్నావా? ఉండవే, అసలుది చెప్పనీ.

నా ఫోను అద్దం పగిలింది కదా. సోమవారం, దణ్ణం పెట్టుకున్నాక, అత్తగారి మొహం చూడాలనిపించింది. నా ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి, కోడలి బల్లమీది ఆఫీసు ఫోన్లో పెట్టాను. ముట్టుకోవద్దని కోడలు ముమ్మారు చెప్పిన ఫోనే! చూసుకుని, కార్డు అందులోనే మరిచాను.

పదకొండు వేల ఫొటోలే! పాత ఆల్బమ్‌లన్నీ దాంట్లోనే ఉన్నాయి. సగం మీ ఆయనవే, పాకుతున్నవీ, పళ్ళూడినవీ. మూడొందల ఫొటోలతో కొలవాల్సిన పని అంత బరువు ఎలా మోస్తుందీ? ఎత్తుకు పెంచిన చేతులతోనే ఆయన మెడకి బండ కట్టాను.

నిన్న సాయంత్రం కోడలికి ఆ కార్డు దొరికింది. "ఎప్పుడు పెట్టారత్తయ్యా?" అంది.

"బుధవారమమ్మా" అన్నాను.

కొలిచిన మర్నాడన్నమాట. దేవుడి గదిలోంచి అప్పుడే వచ్చి ఆడిన అబద్ధం!

ఈ పొద్దున ఆ సంగతి తేలేదాకా ఇంట్లో ఎవరం మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కోడలు కార్డు తీసేసి మళ్ళీ కొలిచింది. ఆ గడి దారప్పోగంత అయింది. నా వంక చూసింది. ఫోను ఖాళీగా ఉందో లేదో చూసుకోకపోవడం తన పొరపాటేనని, పైవాళ్ళకి రాసి పంపింది. మీ ఆయన్ని మళ్ళీ పిలుస్తారులే. ఇక దాని సంగతంటావా...

తప్పు నాదేనని నా పేరు రాసెయ్యమ్మా అన్నాను. అన్నానే, నిజంగానే అన్నాను.

గట్టిగా మాత్రం అనలేదే చెల్లీ. నా గొంతే అంత కదా.