ఎడమ వైపు దూలం

"అక్కడ కాదు బావగారూ. కుడి వైపు చివర ఇంకా మిగిలే ఉంది. అక్కడ తిప్పండి."

"కుడి వైపు ఇప్పటికి మూడుసార్లు తిప్పాం బావా. ఇంకోసారి తిప్పితే తుప్పు కాదు, ఇనుమే రాలుతుంది."

నాలుగు దిమ్మల మీద నిలబెట్టిన బడి వ్యాను కింద వెల్లకిలా పడుకున్నవాడు షెడ్డు మెకానిక్కు. పక్కన బోర్లించిన తొట్టి మీద డ్రిల్లు పట్టుకుని కూర్చున్నవాడు ఆ వ్యాను నడిపే అతని వియ్యంకుడు. ఒకరి ముఖం ఒకరికి కనపడని చోటు అది. పిల్లనిచ్చిన మెకానిక్కుకు ఆ పూట అంతకన్నా కావలసిందేమీ లేదు.

"తుప్పు మొండిది బావగారూ. పోయిందనుకుంటాం, పొర కింద ఇంకో పొర నక్కి ఉంటుంది. తిప్పండి."

"తిప్పుతా గానీ, ఈ పనిముట్టు ఏ కొట్లో కొన్నారు?"

"కొట్లోనా. మోటారుసైకిలు క్లచ్చి వైరు, దాని కొసకి సైకిలు గొలుసు నాలుగు లంకెలు. డ్రిల్లుకి బిగిస్తే లోపల కొరడాలా తిరుగుతుంది. బండిని మోసే ఈ డొల్ల దూలం లోపలికి చెయ్యి పట్టదు, ఉప్పుకాగితం పట్టదు. ఈ గొలుసుకి మాత్రం వేలెడు కన్నం ఉంటే చాలు."

"మరి రాలినదాన్ని లాగే ఈ అయస్కాంతం?"

"కాలిపోయిన స్పీకరుది. ఊడదీసి కర్రకి కట్టాను."

"మనవాళ్ళ పెళ్ళిలో కీచుమని చెవులు తినేసిందే, అదా?"

"అదే లెండి."

"ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. మా వాడికి చిన్నప్పుడు తుప్పు వదిలిస్తానని రోజూ బెత్తం పట్టుకునేవాణ్ణి బావా. బెత్తాలు విరిగాయి, వాడి తుప్పు వదల్లేదు. మీ అమ్మాయి కాపరానికొచ్చిన ఆరు నెలల్లో వదిలిపోయింది."

"అదేం చేసిందండీ. కాస్త నోరున్న పిల్ల, అంతే."

"అదే బావా గొలుసు. ఏ సందులోకైనా వెళ్తుంది. సరే, చూడండి, డబ్బా నిండా పొట్టు. కుడి వైపు అయిపోయింది. ఇక ఎడమ వైపు."

"ఎడమ వైపా."

"ఎడమ వైపే. వెనక తలుపు పడటం లేదనే కదా బండి తెచ్చింది. నెల నుంచీ తాడు కట్టి నడుపుతున్నాను. ఆ తలుపు కింద ఉన్నది ఎడమ దూలమే కదా."

"తలుపు బందులు అరిగి ఉంటాయి. అది వేరే సంగతి. నేను చూస్తాను లెండి."

"బందులు నేనే మార్చాను."

"మార్చారా."

"మార్చాను. అయినా పడలేదు."

"ఎడమ వైపు గట్టిగా ఉంది బావగారూ. అది అప్పట్లో నేను బాగు చేసిందే కదా."

"మీరు చేశారనే ధైర్యం. అయినా ఒకసారి గొలుసు తిప్పితే పోయేదేముంది?"

"వైరు తెగేలా ఉంది."

"ఇంకోటి కట్టండి. అదిగో, గోడ మేకుకి అరడజను వేలాడుతున్నాయి."

"డ్రిల్లు వేడెక్కింది."

"చల్లారనిద్దాం. నాకేం తొందర లేదు."

"కరెంటు పోయే వేళ."

"పోయినప్పుడు పోతుంది. ముందే ఎదురెళ్ళి దండ వెయ్యాలా? బావా, మీరు అటు తిరిగి పడుకున్నారెందుకు?"

"నడుము పట్టేసింది."

"ఏం పట్టేసిందో గానీ, నిన్నటి నుంచీ ఈయన ముద్ద ముట్టలేదు అన్నయ్యగారూ. ఇదిగో మీ టీ. ఏమండీ, మీ గ్లాసు చక్రం పక్కన పెడుతున్నా, తన్నేయకండి."

"రా చెల్లెమ్మా, వేళకొచ్చావు. ముద్ద ముట్టలేదా? ఎందుకు?"

"నాకేం తెలుసు. మీ బండి వస్తోందని ఫోనొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. కంచం ముందు కూర్చోవడం, లేచిపోవడం. వియ్యంకుడు వస్తుంటే మరీ ఇంత బెదురేంటండీ అంటే, నీకు తెలీదు ఊరుకో అంటారు."

"నువ్వు లోపలికి వెళ్ళవే. పొయ్యి మీద ఏదో మాడుతోంది."

"పొయ్యి ఆర్పేసే వచ్చాను. గ్లాసులు తీసుకుని వెళ్తాను."

"ఉండమ్మా. నీతో పనుంది. నీ చూపు మా ఇద్దరి చూపుకన్నా మెరుగు. నా ఫోను ఇదిగో ఈ కర్రకి కట్టాను, దీపం వెలిగించి. ఎడమ దూలం వెనక కొస తెరిచే ఉంది, అందులోంచి తోసి బయటికి లాగుతాను. లోపల తీసిన బొమ్మ చూసి ఏముందో చెప్పు."

"ఆవిడకేం తెలుస్తుంది బావగారూ, బండి సంగతి."

"సూదిలో దారం ఎక్కించే మనిషి. తెలీకేం. ఇదిగో, చూడమ్మా."

"చీకటి. ఎర్రగా పొట్టు. చెదపుట్టలా ఉంది. ఆగండి, ఇక్కడేదో అడ్డంగా ఉంది అన్నయ్యగారూ. గుడ్డలా ఉంది."

"ఇనుములో గుడ్డేంటే. బూజు అయ్యుంటుంది."

"బూజుకి కుట్లుండవండీ. ఆ కొక్కెం ఇటివ్వండి అన్నయ్యగారూ. ఈ కొసలోంచి అందుతుంది. చిక్కింది. లాగుతున్నా. తడిసి ముద్దై ఉంది, బరువుగా వస్తోంది. ఇదేంటి, పంట్లాం కాలు."

"పంట్లామా?"

"మోకాలి దాకా ఉంది."

"ఎలకలు బావగారూ. షెడ్లో ఎలకలెక్కువ. ఏది దొరికితే అది లాక్కెళ్ళి దాస్తాయి."

"మా ఇంట్లో ఎలకలు గుడ్డలు కొరుకుతాయి బావా. మీ ఇంట్లోవి కొలతకి కత్తిరించి, పైన పుట్టీ కూడా మెత్తుతాయా? ఇదిగో, గుడ్డతో పాటు అరచేతంత పెచ్చు ఊడొచ్చింది. దాని మీద నల్లరంగు కూడా ఉంది."

"ఏమండీ. ఈ మోకాలి మాసిక నేనేసిందే. ఖాకీ దారం అయిపోతే నీలం దారంతో వేశాను. ఈ పంట్లాం ఏదండీ అని అడిగితే, చిరిగిపోయింది, పారేశానన్నారు."

"ఊఁ."

"ఇదేనా పారేయడం?"

"వినపడుతోంది."

"పసిపిల్లలెక్కే బండండీ ఇది."

"వినపడుతోందన్నాను కదే."

"నేను వెళ్తాను అన్నయ్యగారూ. మీ ముందు నిలబడలేను."

"నువ్వేం చేశావమ్మా. చెల్లెమ్మా, ఆగు. చెల్లెమ్మా. వెళ్ళిపోయింది బావా."

"వెళ్ళనివ్వండి."

"గ్లాసులు వదిలేసి వెళ్ళింది."

"ఊఁ."

"చెప్పండి."

"ఏం చెప్పమంటారు. చూశారు కదా."

"నేను చూసింది గుడ్డ. మిగతాది మీరు చెప్పాలి."

"చొక్కా బొత్తామంత చిల్లు బావగారూ, మొదట ఉన్నది. చుట్టూ రేకు కాగితంలా అయిపోయిందని నాకు తెలీలేదు. తెలిసి ఉండాల్సింది. ఎన్ని బండ్లు చూశాను. వెల్డింగు పుల్ల ఆనించానో లేదో, చిల్లు నోరు తెరిచింది. అంచు పట్టుకుని అతుకుదామంటే అంచే కరిగిపోయింది. ఒక చుక్క నిలిస్తే రెండు చుక్కలు జారాయి. పూడుస్తున్నకొద్దీ పెరిగింది. చివరికి నా అరచెయ్యి పట్టేంత అయింది."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"గుమ్మం దగ్గర. పక్క షెడ్డాయనతో అంటున్నారు, మా బావ చేతిలో పడితే ఇనుము కూడా మాట వింటుందని. ఇక్కడేమో అది నా మాట వింటే కదా."

"అన్నానా అలాగ?"

"అన్నారు. ఆ మాటొక్కటి చెవిన పడకపోతే, బయటికొచ్చి చేతులెత్తేసేవాణ్ణేమో. దూలం కోసి కొత్త ముక్క వెయ్యాలంటే బండి పదిహేను రోజులు విప్పి పెట్టాలి. బడి తెరవడానికి మూడు రోజులుంది. పిల్లనిచ్చినవాణ్ణి. పెళ్ళయ్యాక మీరు నన్ను అడిగిన మొదటి పని. నాకు చేతకాలేదని ఏ నోటితో చెప్పను? మేకుకి పంట్లాం కనపడింది. కాలు కత్తిరించి కుక్కాను. పుట్టీ మెత్తి, ఆరాక ఉప్పుకాగితంతో నునుపు చేసి, నల్లరంగు రెండు పూతలు వేశాను. మీరు వంగి చూసి నా వీపు తట్టారు."

"తట్టాను."

"ఆ తట్టిన చోటు ఇప్పటికీ మండుతుంది బావగారూ."

"తర్వాతైనా పిలవొచ్చుగా."

"పిలుద్దామనే. ఒక నెల పోనిచ్చి, తీరిగ్గా విప్పి సరిగా చేద్దామనుకున్నా. నెల పోయింది. ఆ తర్వాత ఏమని పిలవను? దివ్యంగా ఉందని చెప్పి పంపిన బండిని మళ్ళీ తెమ్మంటే, ఎందుకంటారు. రెండో నెల ఇంకా కష్టమైంది. ఏడాది తిరిగేసరికి, నేనసలు ఏమీ చెయ్యలేదన్నట్టు నాకే అలవాటైపోయింది. గుడ్డకి మాత్రం అలవాటు కాలేదు. వానకి తడిసేది, ఎండకి ఆరేది కాదు. చిల్లు చిల్లులా వదిలేసినా నీళ్ళు కారిపోయి తుప్పు ఇంత తినేది కాదు. మూసినందుకే తినేసింది."

"ఎంత పోయింది?"

"వేలు పెడితే దిగుతోంది. వెనక చక్రాల మీద బండిని మోసే స్ప్రింగు పట్టీలు కూర్చునే చోటు దాకా పోయింది. తలుపు పడకపోవడం బందుల వల్ల కాదు. వెనక సగం కిందికి వంగుతోంది."

"నిండా పిల్లలతో వెళ్తున్నప్పుడు తెగితే?"

"అడక్కండి."

"అడుగుతున్నాను."

"చక్రాలొక దారి, పిల్లలొక దారి. ఎంతమంది ఎక్కుతారు బావగారూ?"

"ఇరవై ఇద్దరు."

"నాలుగేళ్ళు తిరిగారు ఇందులో."

"నాలుగున్నర."

"ఈ బండి ఇక కదలదు. తాళం చెవి నాకిచ్చేయండి. సోమవారం పొద్దున్నే బడి గేటు దగ్గర నేనే నిలబడతాను. వచ్చిన ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ చెప్తాను, తప్పు డ్రైవరుది కాదు, నాది అని. మీ పేరు మీద ఈగ వాలనివ్వను."

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? తిట్టండి. నలుగురిలో నిలబెట్టి కడిగేయండి. ఏం చేసినా నన్ను చేయండి గానీ, మా అమ్మాయిని మాత్రం ఒక్క మాట అనకండి. దానికేం తెలీదు. వాళ్ళ నాన్న ఇనుముకి దేవుడనుకుంటుంది అది."

"అననులెండి."

"ఉండండి, బయటికొస్తాను. ఏదైతే అదైంది, మీ ముఖం చూసి ఒకసారి..."

"రావద్దు."

"బావగారూ."

"రావద్దన్నాను కదా బావా. అక్కడే పడుకోండి. మీరలా అటు తిరిగి ఉంటేనే నేను చెప్పగలను."

"మీరు చెప్పడానికేముంది?"

"ఆ రోజు బండి తీసుకుని వెళ్తూ, మలుపు దాటాక ఆపాను. దిగి, పానాతో రెండు దూలాల మీదా కొట్టి చూశాను. కుడిది గంటలా మోగింది."

"ఎడమది?"

"పరుపు మీద కొట్టినట్టు దబ్బుమంది."

"తెలిసిందా మీకు?"

"పంట్లాం అని తెలీదు. అక్కడ ఇనుము లేదని తెలిసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బండ్ల మీద బతికినవాణ్ణి, నాకా చప్పుడు చాలదా? వెనక్కి తిప్పుదామనే అనుకున్నా. కోడలు పచ్చి బాలింత, మీ ఇంట్లో ఉంది. ఇప్పుడెళ్ళి అడిగితే మీ తల తీసేసినట్టవుతుంది, రెండిళ్ళ మధ్యా మాట పడుతుంది. రేపడుగుదాంలే అనుకున్నా. మీకు పోయినట్టే నాకూ నెల పోయింది. ఆ తర్వాత మళ్ళీ పానా పెట్టి కొట్టలేదు. కొడితే తెలిసిపోతుందని."

"మరి పొద్దున్నుంచీ ఎడమ, ఎడమ అని నా ప్రాణం తీశారు?"

"మీ అంతట మీరే చెప్తారేమో, నేను ఏమీ తెలీనట్టు వినొచ్చని."

"అయ్యో బావగారూ."

"అదీ సంగతి."

"పోనీ లెండి. తెలుసు కాబట్టే మీరు గతుకులు చూసుకుని మెల్లగా నడిపి ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదు కదా. మన మనవరాలు బుజ్జిదీ అందులోనే కదా వెళ్ళేది. తాత అయ్యుండి, చేతులారా దాన్ని ప్రమాదంలో పెడతారా మీరు."

"బుజ్జిది వెళ్ళలేదు."

"బడికా?"

"బడికి వెళ్తోంది. ఏడాదైంది. ఒక్క రోజు కూడా దాన్ని ఈ బండెక్కించలేదు బావా. చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి బళ్ళో దింపి, తిరిగి ఇంటికొచ్చి, అప్పుడు మిగతా పిల్లల కోసం బండి తీసేవాణ్ణి."