ఫ్రోయిమ్ చదివే పాఠం

డొరొహోయ్‌లో శుక్రవారం మధ్యాహ్నం, ఫ్రోయిమ్ వంటగది. ప్రతి సబ్బాతుకూ, అంటే యూదుల విశ్రాంతి దినమైన శనివారం, మందిరంలో వాళ్ల ధర్మగ్రంథం తోరాని తోలు చుట్ట విప్పి చదివేది ఫ్రోయిమ్. మందిరం తాళాలు ఉండేది అతని చిన్ననాటి స్నేహితుడు స్త్రూల్ దగ్గర.

"రేపు చదవనంటే చదవను. ఇంకెవరినైనా చూసుకో."

"ఎవర్ని చూసుకోను రా ఫ్రోయిమ్? ఈ ఊళ్లో మిగిలిందే పదకొండు మంది మగాళ్లం. అందులో ఇద్దరికి చెవుడు."

"నువ్వు చదువు."

"నేనా! నేను చదివితే మోషే కొండ దిగొచ్చి చెవులు మూసుకుంటాడు."

"పరాచికాలొద్దు స్త్రూల్."

"గొంతు బాలేదా? మీ చెల్లెలు పెర్లతో చెప్పి టీలో కాస్త తేనె..."

"గొంతు బానే ఉంది. నీ టీ తాగు, చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాత. ఎవడైనా ఏమన్నా అన్నాడా? ఆ దర్జీ స్మిల్ గాడేనా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అననందుకే నా ఏడుపు."

"మరి ఏంటో చెప్పి చావవేం?"

"నా కళ్లు స్త్రూల్."

"తెలుసుగా, మసక. డాక్టరు చుక్కల మందు రాశాడు కదా..."

"మసక కాదు. పోయాయి. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఇప్పుడు నీ నెత్తిన టోపీ ఉందో లేదో నాకు తెలీదు."

"ఉంది."

"ఎప్పట్నుంచి అని అడగవేం?"

"ఎప్పట్నుంచి?"

"నిరుడు పస్కా పండగ ముందు నుంచి. వెండి పుల్ల అక్షరాల మీద జరుపుతున్నట్టు నటిస్తూ, కంఠతా వచ్చింది అప్పజెబుతున్నాను."

"ఒక్క తప్పూ పోలేదు కదరా."

"తప్పు పోకపోతే సరిపోతుందా? చుట్టలోకి చూసి చదవాలి. ఎంత కంఠతా వచ్చినా, చూడకుండా చెబితే చదివినట్టు కాదు. చిన్నప్పుడు గురువుగారు నీ చెవి మెలిపెట్టింది దీనికే కదా? మిమ్మల్నందర్నీ మోసం చేశాను. తోరా విన్నామనుకుని ఇళ్లకు పోయారు. వినలేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే చదవనివ్వరు కదా! కళ్లు పోయాక నాకు మిగిలిన ఆసరా అదొక్కటే. వారమంతా మంచం మీద పడుకుని శనివారం పాఠం నెమరేసుకుంటాను. అది నోట్లో ఉన్నంతసేపూ నేను గుడ్డివాణ్ణని గుర్తుండదు. దేవుడు నా మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది. అది వదులుకోలేకపోయాను."

"మరి ఇప్పుడెందుకు వదులుతున్నావ్?"

"హెర్ష్కు వల్ల. మొన్న నా చెయ్యి పట్టుకుని, 'నీ నోట తోరా వింటూ పోతే చాలు' అన్నాడు. డాక్టర్లు ఆయన మీద ఆశ వదిలేశారు. ఆ ముసలాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపను?"

"ఏడవకు రా."

"ఏడవట్లేదు. చూపు లేకపోయినా నీళ్లకి మాత్రం లోటు లేదు."

"ఫ్రోయిమ్... నేనొకటి చెప్పాలి. నిరుడు ఎండాకాలం ఒక వారం చుట్ట తప్పుచోట తిప్పిపెట్టాను. తోరాలో ద్వితీయోపదేశకాండం దగ్గర తెరుచుకుని ఉంది. నువ్వు దాని మీద పుల్ల పెట్టి, ఆ వారం చదవాల్సిన సంఖ్యాకాండం చదివేశావు. అక్షరం పొల్లుపోకుండా."

"నువ్వు... చూశావా?"

"నేనూ చూశాను, స్మిల్ కూడా చూశాడు."

"చూసి నోరు మూసుకున్నారా!"

"చదువుతున్నప్పుడు నీ మొహం చూశాం రా. ఇద్దరికీ నోరు రాలేదు."

"అయితే అప్పట్నుంచీ అందర్నీ తోరా లేకుండానే..."

"లేకుండా ఎక్కడ? ప్రార్థన అవ్వగానే పెర్ల నిన్ను ఇంటికి లాక్కుపోతుంది కదా?"

"పొయ్యి మీద చిక్కుళ్లు మాడిపోతాయంటుంది."

"అలా అనమన్నది మేమే. నువ్వు వీధి మలుపు తిరగ్గానే తలుపులు వేసి, చుట్ట మళ్లీ బయటికి తీస్తాం. మొత్తం పాఠం నేను చదువుతాను. నీకు ముప్పావు గంట పట్టేది నాకు గంటన్నర. హెర్ష్కు కూడా చివరిదాకా కూర్చుంటాడు. ఒక్క వారం తప్పలేదు."

"హెర్ష్కు కూడా విన్నాడా?"

"ప్రతి వారం విన్నాడు రా. కావాలంటే నన్ను తిట్టు."

"రేపు నా కోసం తొందరపడొద్దని పెర్లకి చెప్పు."

"అంటే? నువ్వే చదువుతావా?"

"నువ్వే చదువు. గంటన్నరైనా, రెండు గంటలైనా కూర్చుంటాను. నేనూ తోరా విని ఏడాదిన్నర అయింది కదరా."