సీసాలో మందు

జనగామలో ఆ సాయంత్రం నాటకం ఆడుతున్నారు. ప్రేమికులిద్దరూ ఒకే గిన్నెలో విషం పంచుకునే ఘట్టం వచ్చింది. ఒకప్పుడు ఇక్కడే వెక్కివెక్కి ఏడ్చిన ఆమెకు ఈసారి కన్నీళ్లు రాలేదు. ఫ్లాస్కులోని చాయ్ గ్లాసులోకి వంపుతూ, పక్కనున్న మొగుణ్ణి అనుమానంగా చూసింది.

“అరవై తొమ్మిదిల కాలేజీలు బందైనప్పుడు గీ నాటకమే జూసి మనం గూడ తాగినం గద. పద్నాలుగేండ్లాయె. ఆ సీసల ఏముండె?”

“చెప్పిన గద, మిరపతోటకు కొట్టే మందు. పాతదై పనిజెయ్యలే.”

“నా మీద ఒట్టేసి జెప్పు.”

అతను నవ్వాడు. “బెల్లం నీళ్లు. నిన్ను సంపుకునే ధైర్యం నాకు లేకుండె.”

“నాకప్పటిసంది అనుమానమే. ఎంత మోసం జేసినవ్!”

“అనుమానమేంది? నోట్లె పోసుకోంగనే తియ్యగ తగల్లేదా?”

ఆమె చూపు వేదిక మీదికి తిప్పుకుంది.

“నిన్నే అడుగుతున్న. తాగినవా, లేదా?”

“కొంగుల ఒంపుకున్న. పద్దెనిమిదేండ్ల పిల్లను, భయమైంది.”

“నేను గటగట తాగుతుంటే సూస్కుంట కూసున్నవ్. నీకైతే అది విషమే గద?”

చుట్టూ జనం ముక్కులు చీదుతున్నారు. ఆమె చాయ్ గ్లాసు అతనికి అందించింది. అతను అందులోకి ఒకసారి తొంగిచూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

“ముందుగాల నువ్వు తాగు.”