మత్తు ఇచ్చే ముందు అడిగిన మాట

పందొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగున మన ఆసుపత్రి మత్తువైద్య విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరి, అంచెలంచెలుగా విభాగాధిపతి స్థాయికి చేరిన గౌరవనీయులైన 'పెద్ద మేడమ్' గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, "మనుషుల్ని నిద్రపుచ్చడానికి ఇంత చదువెందుకమ్మా?" అని వారి అత్తగారు వేళాకోళం చేశారట. "లేపడానికి అత్తయ్యగారూ" అన్నారట మేడమ్.

తొలి సంవత్సరాల్లో వారు మితభాషి. థియేటరు పక్కనున్న ఇరుకు గదిలో, మడత పెట్టిన ఆకుపచ్చ గుడ్డల మధ్య ఒంటరిగా కూర్చుని, రోగులతో తామన్న మాటలను మనసులో మళ్లీ వినేవారు. మత్తుకు ముందు ఏమైనా తిన్నారా అని అడిగితే, ప్రాణాల మీదికొస్తుందని తెలిసీ రోగి ఎందుకు అబద్ధమాడతాడన్న ప్రశ్న వారిని విడిచిపెట్టలేదు. తలమీద నిలబడి గద్దిస్తే ఎవరైనా తినలేదనే అంటారనీ, ఆ అబద్ధంలో సగం అడిగినవారిదేననీ క్రమంగా గ్రహించారు. అప్పటినుంచి కూర్చుని అడగడం అలవాటు చేసుకున్నారు.

సీనియర్ వైద్యురాలిగా పదోన్నతి పొందిన ఏడాది, హెర్నియా ఆపరేషనుకు ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. నర్సు అడిగినా, జూనియర్ డాక్టరు అడిగినా రాత్రినుంచి ఏమీ తినలేదనే చెప్పాడు. బల్ల మీద పడుకోబెట్టాక మేడమ్ స్టూలు లాక్కుని అతని తల దగ్గర కూర్చున్నారు.

"ఆకలి దంచేస్తోందా?"

"అబ్బే, లేదమ్మా. బానే ఉంది."

రాత్రినుంచి కడుపు మాడ్చుకున్న మనిషికి ఇంత పొద్దెక్కినా ఆకలి లేదంటే వారికి నమ్మబుద్ధి కాలేదు. చేతిలోని సిరంజిని ట్రేలో పెట్టేశారు.

"పొద్దున్న ఏం తీసుకున్నారు? చెప్పండి, ఎవరూ ఏమీ అనరు."

"తిండేం తినలేదమ్మా. టీ తాగానంతే. అందులో ఓ రెండు బన్నులు ముంచుకున్నా."

సర్జను గారు విసుక్కున్నారు. "గ్లౌజులు కూడా వేసేసుకున్నాను మేడమ్. రెండు బన్నులకి ఆపరేషన్ ఆపేస్తారా?"

"మీ గ్లౌజులు మార్చుకోవచ్చు సార్. ఈయన ఊపిరితిత్తులు మార్చలేం."

డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు. "సెలవు దొరకడమే గగనమైందమ్మా. ఇవాళ కాకపోతే మళ్లీ ఎప్పటికో. అందుకే నోరు మెదపలేదు."

"నీళ్లు తాగుతూ పొలమారితే ఏం చేస్తారు?" అని అడిగారు మేడమ్.

"దగ్గుతాను."

"మిమ్మల్ని కాపాడేది ఆ దగ్గే. మత్తులో అదీ నిద్రపోతుంది. కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్నితే అడ్డుకునే దిక్కులేక ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కడుపులోని పుల్లటి రసం అక్కడ పడిందంటే లోపల కాలినట్టే. పాలు పోసిన టీ అయినా కడుపుకి తిండే."

"ఈ ముక్క ముందే చెప్తే బన్ను జోలికి పోయేవాణ్నా అమ్మా? వాంతి చేసుకుంటే మీ బట్టలు పాడవుతాయని తినొద్దన్నారనుకున్నా."

అతనికి తినవద్దని అందరూ చెప్పారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు.

బయట బెంచీ మీదున్న అతని భార్య తలెత్తలేకపోయింది. "ఖాళీ కడుపుతో కత్తి కిందికి పంపడానికి మనసొప్పలేదమ్మా. నేనే బలవంతంగా తాగించా." మేడమ్ ఆమె పక్కన కూర్చుని అదే సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పారు. డిపో మేనేజరుకు స్వయంగా ఫోను చేసి సెలవు పొడిగించమని కోరారు. మర్నాడు మొదటి ఆపరేషను అతనిదే. క్షేమంగా కళ్లు తెరిచాడు.

విభాగాధిపతి అయ్యాక వారు దీన్నే పద్ధతిగా మార్చారు. తిన్నామని నిజం చెప్పి వాయిదా పడినవారికి, వైద్యపరంగా అభ్యంతరం లేకపోతే, మర్నాడు మొదటి అవకాశం. "ఇక అందరూ టిఫిన్ చేసే వస్తారు" అని సర్జను గారు ఎత్తిపొడిస్తే, "రానివ్వండి, చెబితే చాలు" అన్నారు. ఎందుకు తినకూడదో రోగికే కాక, అన్నం పెట్టే మనిషికి కూడా చెప్పనిదే కేసు థియేటరుకు రాకూడదన్నారు. ఈనాటికీ మన వార్డుల్లో జరుగుతున్నది అదే.

పరుల ఊపిరికి కాపలా కాస్తూ తమ ఆకలిదప్పులను పక్కన పెట్టిన పెద్ద మేడమ్ గారికి ఇకనైనా ఆకలేసిన వేళకు, తమవారి నడుమ, నింపాదిగా భోంచేసే భాగ్యం కలగాలనీ, వారు నిండు ఆరోగ్యంతో దీర్ఘాయుష్మంతులై చల్లగా ఉండాలనీ సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.